మేకపోతు కప్పు: మా కొండల ఫుట్‌బాల్ లీగ్ ఎలా పెరిగింది, ఎలా ఆగింది



పోస్టు పెద్దది. హాస్టల్లో రాత్రి భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి. పోయిన వారం ఒక తమ్ముడు "మన ఏజెన్సీలో ఫుట్‌బాల్ ఎవడు ఆడతాడు, మనది వాలీబాల్, లేకపోతే క్రికెట్" అని రాశాడు. తమ్ముడు అన్నదాంట్లో చాలావరకు నిజమే. పాడేరు, అరకు వైపు ఏ ఊరికి వెళ్లినా సాయంత్రం కనిపించేది వాలీబాల్ నెట్టే. కానీ ముంచింగిపుట్టు దాటి ఒడిశా బోర్డర్ వైపు పోతే మా ఊళ్లున్నాయి. అక్కడ కొన్నేళ్లపాటు సంక్రాంతి తర్వాత నుంచి ఇటుకల పండగ దాకా ఫుట్‌బాల్ తప్ప వేరే మాట ఉండేది కాదు. ఆ లీగ్‌లో ఆడినవాళ్లం, స్కోరు రాసినవాళ్లం, గెడ్డలో పడ్డ బంతి తెచ్చినవాళ్లం ఐదుగురం కలిసి ఇది రాస్తున్నాం. పాత గొడవలు మళ్లీ లేవకూడదని ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు పెట్టలేదు.

ముందు, బంతి మా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్తాం. మా తాతల మాట ప్రకారం రెండు దారుల్లో వచ్చింది. ఒకటి మాచ్‌ఖండ్ ప్రాజెక్టు. ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్న ఆ జలవిద్యుత్ కేంద్రంలో 1955లో కరెంటు తయారీ మొదలైంది. ప్రాజెక్టు కాలనీల్లో ఎక్కడెక్కడివాళ్లో ఉండేవారు, సాయంత్రం బంతి ఆడేవారు. కూలికి పోయిన మనవాళ్లు గట్టు మీద కూర్చుని చూసి నేర్చుకున్నారట. రెండోది చుట్టరికం. మా ఊళ్లలో సగం ఇళ్లకు కోరాపుట్ జిల్లాలో అత్తారిళ్లు, మేనమామల ఇళ్లు ఉన్నాయి. మ్యాపులో గీత గీశారు కానీ మా మాట ఒకటే, ఆదివాసీ ఒరియా. అటు పెళ్లికి పోయినవాళ్లు ఆట చూసి వచ్చేవారు. ఏ దారి ముందో అని తాతలు ఇప్పటికీ వాదించుకుంటారు, మాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది.

మేము పిల్లలుగా ఉన్నప్పుడు ఆట ఉంది కానీ లీగ్ లేదు. పండక్కి రెండు ఊళ్లు ఆడుకోవడం, ఓడినవాళ్లు జీలుగు కల్లు పోయించడం, అంతే. లీగ్‌గా మార్చింది ఇద్దరు. ఒకాయన ఆశ్రమ పాఠశాల పీఈటీ సార్, మైదానం నుంచి వచ్చినాయన. ఇంకొకరు మా ఊరి అన్న. డీఎడ్ చేసి డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ ఇంటి దగ్గరే ఉండేవాడు. సార్‌కి రూల్స్ తెలుసు. అన్నకి ఊళ్లు తెలుసు. ఇద్దరూ సంత రోజున 8 ఊళ్ల కుర్రాళ్లను కూర్చోబెట్టి నోటుబుక్కులో గీతలు కొట్టారు. 8 జట్లు, ఒక్కో జట్టు మిగిలిన అన్నింటితో ఒక్కోసారి ఆడితే 28 మ్యాచ్‌లు. వారానికి 4. అంటే 7 వారాలు. తర్వాత మొదటి 4 జట్లకు సెమీస్, ఆపైన ఫైనల్. సంక్రాంతి కనుమ అయ్యాక మొదలుపెడితే చైత్రంలో ఇటుకల పండగకి ముందే అయిపోతుంది. లెక్క సరిపోయింది. మొదలుపెట్టే రోజు మాత్రం దిసారిని అడిగే పెట్టారు. సార్ నవ్వారు కానీ కాదనలేదు.

గ్రౌండ్ గురించి చెప్పకపోతే మైదానంలో పెరిగినవాళ్లకు అర్థం కాదు. మా దగ్గర 100 మీటర్ల చదును ఎక్కడుంటుంది? కోత అయిపోయిన పల్లపు మళ్లే మా గ్రౌండ్. నాలుగు మళ్ల గట్లు చదును చేస్తే ఒక గ్రౌండ్ అయ్యేది. అందుకే జట్టుకి 11 మంది కాదు, 7 మంది. వరి మోళ్లు కాళ్లకు గుచ్చుకోకుండా ముందురోజు ఊరంతా కలిసి మోళ్లు కొట్టేది. గోలు కర్రలు వెదురువి. గీతలకు సున్నం ఎక్కడిది, పొయ్యిల్లోని బూడిదే. గ్రౌండ్ ఎప్పుడూ ఒక పక్కకి వాలే ఉంటుంది. అందుకని టాస్ గెలిచినవాడు ముందు ఎక్కుడు వైపు ఆడతానని చెప్పేవాడు, రెండో సగంలో అలసిపోయాక దిగుడు వైపు వస్తుంది కదా. బంతి గెడ్డలోకి పోతే తేవడానికి ఇద్దరు చిన్నపిల్లల్ని పెట్టేవారు. వాళ్లకి జీతం రోజుకి రెండు బిస్కెట్ ప్యాకెట్లు. మాలో ఇద్దరి కెరీర్ అక్కడే మొదలైంది.

బూట్లు ఎవరికీ లేవు. ఒక జట్టులో ఒకడికి ఉంటే, ఉత్తికాళ్ల మీద తొక్కుతాడని తీయించేవారు. ఈ మాట మీద సార్ మాకు ఒక కథ చెప్పారు, ఇప్పటికీ మర్చిపోలేదు. స్వతంత్రం వచ్చాక మన దేశం మొదటిసారి ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ఆడింది 1948లో, లండన్‌లో. మనవాళ్లలో చాలామంది ఉత్తి పాదాలతోనే ఆడారు. ఫ్రాన్స్ మీద 2-1తో ఓడారు. ఆ జట్టు కెప్టెన్ తాలిమెరెన్ ఆవో, నాగా కొండల బిడ్డ, తర్వాత డాక్టర్ అయ్యాడు. అంతకు ముందు 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బంగారు పతకం తెచ్చిన హాకీ జట్టుకి కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున నిలబడి మాట్లాడిందీ ఆయనే. "మీవాళ్లు దేశానికి కెప్టెన్లు అయ్యారురా, మీరు మండలం దాటడానికి భయపడతారేంటి" అనేవారు సార్. మా పాఠాల్లో ఆ పేర్లు మేమెప్పుడూ చదవలేదు. మోళ్లు కొట్టిన మడి గట్టు మీద కూర్చుని విన్నాం.

బహుమతి మేకపోతు. గెలిచినవాళ్లకు మేకపోతు, రెండో జట్టుకి రెండు కోడిపుంజులు. ఇది మా ఒక్కళ్ల అలవాటే కాదు. జార్ఖండ్‌లో ఆదివాసీ ఊళ్లలో ఫుట్‌బాల్, హాకీ పోటీలకి మేకపోతే బహుమతి, ఖస్సీ టోర్నమెంట్ అనే పిలుస్తారు. మేకపోతులో ఒక గొప్ప సంగతి ఉంది. దాన్ని ఎవడూ జేబులో పెట్టుకుని పోలేడు. గెలిచిన ఊరు అదే రాత్రి వండుతుంది, ఓడినవాళ్లను కూడా పిలుస్తుంది. తెల్లారేసరికి బహుమతి ఉండదు, పేరు మాత్రం ఉంటుంది.

డబ్బు ఎలా వచ్చేది అంటే, జట్టుకి 100 రూపాయలు ఎంట్రీ. 8 జట్లకు 800. అది బంతికి, విజిల్‌కి, పంక్చర్ సామానుకి. సైకిల్ పంపుతో గాలి కొట్టేవాళ్లం, బ్లాడర్‌కి సైకిల్ ప్యాచీ వేసేవాళ్లం. మేకపోతు ఫైనల్ జరిగే ఊరిది, ఇంటింటికీ ఇంత అని వేసుకునేవారు. ఒక ఏడు బంతి పూర్తిగా పోతే, ఇటుకల పండగలో దారికి అడ్డంగా కర్ర పెట్టి ఆడవాళ్లు వసూలు చేసుకున్న డబ్బుల్లోంచి తర్వాతి ఏడాది బంతి కొనిచ్చారు. "మీ బంతి కాదు, మా బంతి" అని మా వదినలు ఏడాదంతా దెప్పారు.

గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే 1. ప్రపంచ కప్పులో 1994 నుంచే గెలుపుకి 3 పాయింట్లు చేశారు. ఈ సంగతి సార్‌కి తెలుసు, కానీ మా నాయుడు తాత ఒప్పుకోలేదు. "ఇద్దరూ సమానంగా ఆడితే చెరో సగం రావాలి. మూడులో సగం ఎంత?" అన్నాడు. దానికి సార్ దగ్గర జవాబు లేదు. లీగ్ ఉన్నన్నాళ్లూ 2 పాయింట్లే నడిచింది.

మైకు వచ్చాక ఇంకా మజా పెరిగింది. మన ఇంటిపేర్ల సంగతి మీకు తెలుసు, కిల్లో వాళ్లకు పులి, కొర్రా వాళ్లకు సూర్యుడు, పాంగి వాళ్లకు గద్ద. కామెంటరీ చెప్పే బావ ఎవరి పేరూ పలికేవాడు కాదు. "గద్ద దిగింది, బంతి తన్నుకుపోయింది, పులి పడుకుంది లేవట్లేదు" అని చెప్పుకుపోయేవాడు. పులి వాళ్ల అత్తలు అటు పక్క నుంచి తిట్లు. మామా అల్లుళ్లు, బావా బావమరుదులు ఎదురెదురు జట్లలో ఉంటే ఆట సగం, వేళాకోళం సగం. ఫైనల్ రాత్రి డప్పు, తుడుము, మోరి, థింసా. ఆ థింసా వరసల్లో కుదిరిన పెళ్లిళ్లు మా లెక్కకే 6 ఉన్నాయి.

లీగ్ బాగా నడిచిన ఏళ్లలో 8 జట్లు 12 అయ్యాయి, 12 పెరిగి 14 అయ్యాయి. రెండు పూల్స్, ఒక్కోదాంట్లో 7 జట్లు, పూల్‌కి 21 చొప్పున 42 మ్యాచ్‌లు. ఈ 42 మ్యాచ్‌ల్లో ఆట ఒక్కటే జరిగిందనుకోకండి. 14 ఊళ్ల కుర్రాళ్లు వారానికోసారి ఒకచోట కూడేవారు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి ఏ కాగితాలు కావాలో మాకు తెలిసింది గట్టు మీదే. కులధ్రువీకరణ పత్రం ఎక్కడ ఆగిందో, ఎవరి ఊళ్లో జ్వరాలు ఎక్కువగా ఉన్నాయో, ఎవరికి రక్తం కావాలో, అన్నీ అక్కడే. ఒకసారి రెండు ఊళ్ల మధ్య నీటికాలువ తగాదా కర్రల దాకా వచ్చింది. వాళ్లు వీళ్లు అదే వారం మ్యాచ్ ఆడాలి. నాయుడు తాతలు ఇద్దరూ కూర్చుని మ్యాచ్ కోసమే తగాదా తేల్చుకున్నారు, గ్రౌండ్‌లో కొట్టుకుంటే పరువు పోతుందని. అప్పుడు ఫోన్ సిగ్నల్ లేదు. లీగే మా గ్రూపు.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. ఆశ్రమ పాఠశాల అమ్మాయిలు ఒక ఫైనల్ ముందు ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడారు. మొదటి ఐదు నిమిషాలు జనం నవ్వారు. తర్వాత ఒక చెల్లి సగం గ్రౌండ్ నుంచి బంతి తీసుకుని ముగ్గురిని దాటి గోలు కొట్టింది. ఆ తర్వాత నవ్వు లేదు, ఈలలే. కానీ మరుసటి ఏడాది ఆ మ్యాచ్ పెట్టలేదు. ఆ చెల్లికి ఇంటర్ మధ్యలో పెళ్లయింది. 2022లో అండర్-17 అమ్మాయిల ప్రపంచ కప్పు మన పక్కనే భువనేశ్వర్‌లో జరిగినప్పుడు ఇండియా కెప్టెన్ అష్టమ్ ఓరాన్, జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి. ఇండియా మూడు మ్యాచ్‌లూ ఓడింది, అమెరికా మీద అయితే 8-0. అయినా టీవీలో ఆ అమ్మాయి జట్టును నడిపించుకుంటూ వస్తుంటే మాకు మా చెల్లే గుర్తొచ్చింది.

ఇక ఎలా ఆగిందో చెప్తాం. ఒక్క రోజులో ఆగలేదు, ఒక్కరి వల్లా ఆగలేదు.

మొదట మారింది బహుమతి. ఎలక్షన్ ఏడాది ఒకాయన వచ్చి మేకపోతు ఏంటయ్యా, 20 వేలు క్యాష్ ఇస్తా, ఫ్లెక్సీ మీద నా ఫొటో వేయండి అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాతి ఏడాది ఆయన రాలేదు. కానీ 20 వేలు అన్న మాట ఉండిపోయింది. దాంతో ఎంట్రీ ఫీజు 2 వేలు చేశారు, 12 జట్లు వస్తే 24 వేలు. ఇంకో రెండేళ్లకు బహుమతి 50 వేలు, ఎంట్రీ 5 వేలు. 40 ఇళ్ల ఊరికి 5 వేలంటే ఇంటికి 125 రూపాయలు. ఇంటికి 125 ఇచ్చినవాడు ఊరికే చూడడు, గెలవాలంటాడు. గెలవడానికి బయటి నుంచి ఆటగాళ్లను తేవడం మొదలైంది. జైపూర్ నుంచి, కోరాపుట్ నుంచి మనిషికి వెయ్యి, పైన బైకు పెట్రోలు, భోజనం. 7 మందిలో నలుగురు బయటివాళ్లు. మన ఊరి కుర్రాడు గట్టు మీద కూర్చుని మన ఊరి జెర్సీ వేసుకున్న కొత్తవాడిని చూడటం అప్పుడు మొదలైంది. ఆట నాణ్యత పెరిగింది, నిజం. ఊరికి వెయ్యి కళ్లు ఉండేవి కదా, అవి తగ్గాయి.

డబ్బు వచ్చాక రిఫరీ మీద అనుమానం వచ్చింది. సార్ ఉన్నప్పుడు ఆయన విజిల్ మీద మాట లేదు. ఆయనకు బదిలీ అయిపోయింది. తర్వాత వచ్చిన రిఫరీలు కూలికి వచ్చినవాళ్లే. ఒక సెమీఫైనల్లో పెనాల్టీ మీద గొడవై ఇద్దరికి తలలు పగిలాయి. ఆ రెండు ఊళ్ల మధ్య రెండేళ్లు పెళ్లిళ్లు లేవు. నీటికాలువ తగాదా తీర్చిన లీగే కొత్త తగాదా పెట్టింది.

తర్వాత గ్రౌండ్లు. పెద్ద గ్రౌండ్ ఉన్న ఊళ్లో సగం మడి రోడ్డులో పోయింది. రోడ్డు వద్దని మేము అనం. డోలీలో గర్భిణుల్ని మోసిన ఊళ్లు మావి, రోడ్డు ప్రాణం. ఇంకోచోట మెరక మీద కాఫీ, సిల్వర్ ఓక్ వేశారు. అదీ తప్పనలేం, కాఫీతోనే ఇంటికి రెండు పూటలా తిండి, పిల్లలకు ఫీజులు. కానీ ఆట కోసం ఎకరం మిగలాలి అని ఏ గ్రామసభ తీర్మానంలోనూ లేదు.

ఆ తర్వాత మనుషులు. లీగ్ నడిపింది ఊళ్లో ఉండిపోయిన చదువుకున్న కుర్రాళ్లు. వాళ్లు ఎందుకు ఉన్నారు? ఏజెన్సీ టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3 మీద నమ్మకంతో. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, ఆ ఏడు సీజన్ మధ్యలో ఆగింది. అదే ఏడు ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. మా లీగ్ సెక్రటరీ అన్న అప్పటికి రెండు డీఎస్సీలు రాసి ఉన్నాడు. ఇప్పుడు విశాఖలో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్. నోటుబుక్కులు ఇంటి అటక మీద ఉన్నాయి. మిగిలినవాళ్లు కొందరు బెంగళూరు, చెన్నై బిల్డింగ్ పనులకి, కొందరు మిర్చి కోతలకి పోతున్నారు. మిర్చి కోతలు సరిగ్గా మా సీజన్‌లోనే.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని మేము ఐదుగురం చాలా సేపు అనుకున్నాం. రాయాల్సిందే అనుకున్నాం. గంజాయి. మా జట్లలో ఆడినవాళ్లు కొందరు బస్తాలు మోసి ఇప్పుడు జైల్లో ఉన్నారు. మోసినందుకు ఇచ్చేది కొన్ని వేలు. 20 కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం అంటుంది, కనీస శిక్ష 10 ఏళ్లు, బెయిలు చాలా కష్టం. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో ఉంటాడు, దొరికేది మోసినవాడు. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికించారు. తోట నరకడం ఒక పని. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాయంత్రం 4 గంటలకి 20 ఏళ్ల కుర్రాడు ఎక్కడుంటాడు అన్నది ఇంకో పని. లీగ్ ఉంటే ఎవరూ బస్తా మోయరని మేము చెప్పం, అది అబద్ధం. కానీ లీగ్ ఉన్నప్పుడు ఒకడు మూడు వారాలు ప్రాక్టీస్‌కి రాకపోతే జట్టు మొత్తం వాళ్లింటికి పోయి అడిగేది. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు.

టవర్ వచ్చాక ఫోన్లొచ్చాయి. అందరూ ఫోనునే తిడతారు. మా అనుభవం ప్రకారం ఫోను వచ్చేసరికే గట్టు సగం ఖాళీ అయిపోయింది, ఖాళీ అయిన చోటే ఫోను కూర్చుంది. టెన్నిస్ బంతితో క్రికెట్ కూడా అంతే, దానికి మోళ్లు కొట్టక్కర్లేదు, రోడ్డు మీద కూడా ఆడుకోవచ్చు. ఆఖరి సీజన్లకి 14 జట్లు 9 అయ్యాయి, 9 తగ్గి 5 మిగిలాయి. 2020 తర్వాత ఎవరూ పిలవలేదు.

పెద్ద ఆటలే పోయాయి, మనదెంత అనేవాళ్లు ఉన్నారు. నిజమే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. దానికి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, మామూలు స్కూలు టీచర్. ఆయన కోచ్‌గా ఉండగానే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో బంగారం. 1963లో ఆయన పోయారు. ఆ తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ మెల్లమెల్లగా కళ తప్పింది. 2024లో సినిమా వస్తే గానీ చాలామందికి ఆయన పేరు తెలియలేదు. మాకు ఇందులో అర్థమైంది ఒకటే. ఒక్క సార్, ఒక్క అన్న మీద నిలబడ్డ ఆట వాళ్లతోనే వెళ్లిపోతుంది. నోటుబుక్కు ఇంకొకరి చేతికి అందాలి.

అందుకే ఈ పోస్టు. 6 ఊళ్ల కుర్రాళ్లతో మాట్లాడాం. వచ్చే సంక్రాంతి కనుమ తర్వాత 6 జట్లతో, అంటే 15 మ్యాచ్‌లతో, మొదలుపెట్టాలని అనుకుంటున్నాం. రూల్స్ ఇవి. ఒకటి, బహుమతి మేకపోతే, క్యాష్ లేదు, ఎవరి ఫ్లెక్సీ లేదు. రెండు, ఆ ఊరి రేషన్ కార్డులో పేరున్నవాళ్లు, ఆ ఊరి నుంచి చదువుకోడానికి, పనికి పోయినవాళ్లు మాత్రమే ఆడాలి. మూడు, ఎంట్రీ 200 దాటకూడదు. నాలుగు, అమ్మాయిలకు ఐదుగురి జట్లతో వేరే పోటీ, ఎగ్జిబిషన్ కాదు, వాళ్లకీ పాయింట్లు, వాళ్లకీ మేకపోతు. ఐదు, కమిటీలో ఇద్దరు ఆడవాళ్లు, బంతి వాళ్ల దగ్గరే ఉంటుంది. ఆరు, సెక్రటరీ ప్రతి ఏడాదీ మారాలి, నోటుబుక్కు అప్పగించాలి. గెలుపుకి 2 పాయింట్లే, నాయుడు తాత ఇంకా ఉన్నాడు.

ఈ టోర్నమెంట్ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం రాదు. గుర్తింపు ఉన్న పోటీల సర్టిఫికెట్లే అక్కడ చెల్లుతాయి. ఈ మాట ముందే చెప్తున్నాం, ఆశ పెట్టి పిలవడం మాకు ఇష్టం లేదు.

మాకు కావాల్సినవి మూడు. గ్రూపులో బీపీఈడీ చేస్తున్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే రెండు వారాలు రిఫరీగా రావాలి, భోజనం, పడక మా ఇళ్లలో. రెండు మంచి బంతులు కావాలి, పాతవైనా ఫర్వాలేదు, ప్యాచీ వేయడం మాకు వచ్చు. మూడోది, మీ ఊళ్లో కూడా ఇలాంటి ఆట ఏదైనా నడిచి ఆగిపోయి ఉంటే, ఎందుకు ఆగిందో కింద రాయండి. వాలీబాల్ అయినా, కబడ్డీ అయినా. మేము చూడని గుంత మీరు చూసి ఉంటారు, ముందే తెలిస్తే దాటి పోతాం.

అటక మీది నోటుబుక్కులు అన్న ఇస్తానన్నాడు. దీపావళి సెలవుల్లో పోయి తెచ్చుకుంటాం. జోహార్.